జిరళెకూ జెర్రికీ మధ్య

నేను అనుమానపు మనిషిని. ఈ సంగతి పెళ్ళయిన మొదటి నెలలోనే మా ఆయన కనిపెట్టాడు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూస్తాను. కుట్టడానికి ఇచ్చిన బట్టను వెలుతురుకు పట్టి చిల్లులు వెతుకుతాను. ఎవరైనా ఊరికే నవ్వితే ఎందుకు నవ్వారా అని సాయంత్రం దాకా ఆలోచిస్తాను. కుట్టుపని చేసే ఆడదానికి ఆ మాత్రం అనుమానం లేకపోతే బతుకే లేదు. బట్ట ఇచ్చేటప్పుడు ఎవరికీ కనిపించని మరక, జాకెట్ తీసుకునేటప్పుడు మన చేతి మరకవుతుంది. అందుకే ఒకరోజు మా ఆయన బస్ డిపో నుంచి బండి మీద ఒక అట్టపెట్టె తెచ్చి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా దించగానే, ఇందులో ఏదో మతలబు ఉందని నాకు అర్థమైంది.

పెట్టెకు నాలుగు వైపులా చిన్న చిన్న చిల్లులున్నాయి. చెవి పెట్టి విన్నాను. లోపల ఎండుటాకులు కదులుతున్నట్టు చప్పుడు.

"ఏందిది?" అన్నాను.

"చేపకు తిండి."

"తిండి అయితే నడుస్తుందెందుకు?"

ఆయన పెట్టె పట్టుకుని వెనక అర్రలోకి వెళ్ళిపోయాడు.

చేప సంగతి ముందు చెప్పాలి. మా ఆయనది కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టే పని. వానలు బాగా పడి ఎవరి మోటారూ కాలని ఒక ఏడు, పని లేక ఈగలు తోలుకుంటుంటే, వాస్తుకు మంచిదని ఎవరో చెప్పగా, కత్తిలా పొడుగ్గా వెండిరంగులో ఉండే అరోవానా చేపను కొన్నాడు. షాపులో వార్నిష్ వాసనకు అది సొమ్మసిల్లుతోందని ఇంటికి తెచ్చి, అద్దాల తొట్టిలో వేసి, సరిగ్గా నా మిషన్ ఎదురుగా పెట్టాడు. కొన్నాళ్ళు గింజలు తిన్నది. తర్వాత మానేసింది. చేపలు అమ్మేవాడిని ఫోన్‌లో అడిగితే బొద్దింకలు వేయమన్నాడట. మోరీల్లో తిరిగేవి మందు తిని ఉంటాయి, చేప చస్తుంది, అందుకని వీటికోసమే పెంచిన మంచి బొద్దింకలు హైదరాబాదు నుంచి పంపిస్తానన్నాడట. ఊరు ఊరంతా బొద్దింకలు చావాలని మందు చాక్‌పీసుతో గోడల వెంబడి గీతలు గీస్తుంటే, మా ఇంటికి మాత్రం అవి కిరాయి కట్టించుకుని బస్సులో వచ్చాయి.

నిజం చెప్పాలంటే అవి మన వంటింటి బొద్దింకల్లాంటివి కావు. మందంగా, నిదానంగా ఉంటాయి. నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేవు. ఆడవాటికి రెక్కలు కూడా సరిగ్గా రావు. మా ఆయన పెద్ద ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, అందులో కోడిగుడ్ల అట్టలు నిలువుగా పేర్చి, మూతకు కిటికీలాగా కోసి దోమల జాలి అతికించాడు. అట్టల సందుల్లోకి దూరి అవి అక్కడే సంసారం పెట్టాయి.

"ఈ డబ్బా సంగతి గల్లీల ఒక్కరికి తెలిసినా, నీ చేప నా చట్టిల ఉడుకుతది," అని చెప్పాను. ఊరికే అనలేదు. దర్జీ ఇంట్లో బొద్దింకలున్నాయని తెలిస్తే పెళ్ళి జాకెట్ బట్ట ఎవరిస్తారు? చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత అని నవ్వుకుంటూ పక్క వీధికి పోతారు.

కాని ఆ డబ్బా బాధ్యత నాకు గాని మా ఆయనకు గాని దక్కలేదు. మా అత్తమ్మ తీసుకున్నది.

మా అత్తమ్మది కంగ్టి దాటి, కర్ణాటక హద్దు అవతల ఒక ఊరు. మాటల్లో సగం కన్నడం. మా ఆయన చిన్నగా ఉన్నప్పుడే అతన్ని చంకన వేసుకుని నారాయణఖేడ్ వచ్చి, పప్పు మిల్లులో చెరిగి పెంచింది. నన్ను 'యవ్వా' అని పిలుస్తుంది, అమ్మాయిని పిలిచినట్టు. ముందు పళ్ళు రెండు లేవు. వయసులో ఉన్నప్పుడు రోలు మీద పడ్డానని చెప్పేది. గుడ్డు కూడా ముట్టని మనిషి, అయినా ఆకలితో ఉన్నదాన్ని చూస్తే ఊరుకోలేదు, అది పురుగైనా సరే. పొద్దున్నే తౌడు, క్యారెట్ మొదళ్ళు, అరటితొక్కలు వేసేది. చేప కోసం మా ఆయన పట్టకారుతో రెండు బొద్దింకల్ని తీసేటప్పుడు మాత్రం గోడవైపు తిరిగేది.

"పెట్టుడు నా పని, తీసుడు నీ పని. నాకు చూపియ్యకు," అనేది.

కన్నడంలో బొద్దింకను జిరళె అంటారు. "జిరళెకు తౌడు ఏసినవా యవ్వా?" అని ఆమె అడిగినప్పుడల్లా నేను కిటికీ వైపు చూసేదాన్ని, ఎవరైనా విన్నారేమోనని.

ఎవరూ వినకపోయినా చివరికి నా నోటి నుంచే వచ్చింది.

మేము ఆ గల్లీకి వచ్చి అప్పటికి రెండేళ్ళు. గోడ అవతలి ఇంట్లో ఒక వదినె ఉంటుంది. వాళ్ళాయన కల్హేర్‌కు ఆటో నడుపుతాడు. మంచి మనిషే, కాని పక్క గోడ మీద చెవి ఆనించే ఉంటుందని నాకు మొదటి నుంచీ అనుమానం. ఒక మధ్యాహ్నం జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చింది. నేను భుజం కొలుస్తుంటే వెనక అర్రలో డబ్బా గరగరమన్నది.

"ఏం చప్పుడే వదినె? ఎలుకలా?"

ఎలుకలన్నా నా పని అయిపోయినట్టే. ఒక్క క్షణం ఆలోచించాను. "ఎలుకలు గాదు. మా అత్తమ్మ ఏందో పెంచుతది. జిరళెలంట, జిర్రెలంట, నాకేం ఎర్క. నేనైతే గా అర్రల అడుగు పెట్ట."

"జెర్రులా!" అన్నది, టేపు కింద భుజం జరిపేసి.

నేను కాదనాలి. వంద కాళ్ళతో జరజరా పాకే జెర్రి ఎక్కడ, తౌడు తిని మూల కూర్చునే ఈ బొద్దింక ఎక్కడ! కాని కాదంటే ఏమిటో చెప్పాలి కదా. "ఆఁ, గవే అనుకో," అని నవ్వేశాను. ఆమె కూడా నవ్వింది, ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా ఆమె వెళ్ళాక నా తెలివికి నేనే మురిసిపోయాను. పిచ్చి అత్తమ్మది, శుభ్రం నాది. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! ఆ మాట ఊరివాళ్ళ కోసం అనుకున్నాను గాని, నాకోసం అనుకోలేదు.

తర్వాత అమావాస్య వచ్చింది. ఖేడ్ బజారులో అమావాస్య పూట షాపుల ముందు బూడిద గుమ్మడికాయ తిప్పి, కుంకుమ పోసి పగలగొడతారు. మరునాడు పొద్దున చూస్తే మా అత్తమ్మ కొంగులో గుమ్మడి ముక్కలు పట్టుకుని వస్తోంది. కుంకుమ అంటనివి ఏరుకుని, బోరింగు దగ్గర కడిగి మరీ తెచ్చింది.

"దిష్టి గుమ్మడికాయను తొక్కితెనే కీడు. నువ్వు ఇంట్లకు తెస్తవా?" అని అరిచాను.

"దిష్టి మనిషికి గానీ జిరళెకు ఏం దిష్టి? బంగారమసొంటి కాయ మట్టిల పడి మురుగుతున్నది," అన్నది తాపీగా, ముక్కలు డబ్బాలో వేస్తూ.

ఆమె వస్తున్నప్పుడు గల్లీలో ఇద్దరు ముగ్గురు వాకిళ్ళు ఊడుస్తున్నారు. వాళ్ళ చీపుర్లు ఆగడం నేను కిటికీలో నుంచి చూశాను.

అక్కడి నుంచి గిరాకీ తగ్గడం మొదలైంది. మొదట గుర్తుపట్టలేదు. తర్వాత ఒకామె సగం కుట్టిన జాకెట్‌ను అట్లాగే ఇచ్చెయ్యమన్నది. ఇంకొకామె గడప బయటే నిలబడి బట్ట ఇచ్చింది, లోపలికి రమ్మంటే కాళ్ళు తడిగా ఉన్నాయన్నది. ఎండాకాలంలో కాళ్ళు తడిగా ఎందుకుంటాయి? ఒకరోజు పొద్దున మా గడప ముందు కోసిన నిమ్మకాయ చెక్కలు కనిపించాయి. నాకు ఒళ్ళు మండింది, లోపల కొంచెం భయం కూడా వేసింది.

మిషన్ తొక్కుతూనే కిటికీలో నుంచి కాపలా కాశాను. ముందు మెయిన్ రోడ్డు మీది టైలర్‌ను అనుమానించాను. ఆ తర్వాత పాలవాడిని. చివరికి నా అనుమానం గోడ అవతలి వదినె మీద కుదురుకుంది. ఎందుకంటే ఆమె మరదలు కొత్తగా కుట్టు నేర్చుకుంటోంది. నా పని పడగొట్టి మరదలికి గిరాకీ కట్టబెట్టాలని చూస్తోందన్నమాట! పైగా ఆమె బిడ్డకు చేతుల మీద దద్దుర్లు లేచాయని దవాఖానకు తీసుకుపోయి, అటునుంచి అటే నల్లదారం కట్టించుకుని వచ్చింది. వచ్చిన రోజే నా దగ్గరున్న తన బట్ట అడిగింది.

"కుట్టుడు వద్దులే వదినె, మళ్ల ఎప్పుడన్న చూద్దాం," అని, ఆ బట్టను వేలి కొసలతో పట్టుకుని కవర్‌లో వేసుకున్నది. ఇంటికెళ్ళి ఆ కవర్ మీద పసుపు నీళ్ళు చల్లడం గోడ మీది నుంచి నా కళ్ళారా చూశాను. అనుమానం పెనుభూతం అంటారు. నాకు ఆ రోజు అది భూతంలా కాదు, రుజువులా కనిపించింది.

మరునాడు నల్లా దగ్గర బిందెల వరుసలో అందరూ ఉండగా గట్టిగానే అన్నాను. "నా గిరాకీని ఎవరో పాడు చేస్తుండ్రు. ఎవలో నాకు ఎర్కే. అన్నీ చూస్తున్న."

"నన్నే అంటున్నవా?" అన్నది వదినె.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టున్నది!"

ఆమె బిందె కింద పెట్టింది. "గుమ్మడికాయల దొంగ మీ ఇంట్లనే ఉన్నదమ్మా. అమాస గుమ్మడికాయలు ఏరుకొచ్చి జెర్రులకు ఏస్తలేదా మీ అత్త? నా బిడ్డ చేతులు గట్ల ఎందుకైనయో నీకు ఎర్క లేదా? జెర్రులు పెంచుతదని నువ్వే అంటివి గదా, నీ నోటితోని!"

నల్లా నీళ్ళు ఒక్కటే ధారగా పోతున్నాయి. ఎవరూ బిందె జరపలేదు. వరుస చివర నుంచి ఒక ముసలామె, గొంతు తగ్గించి, ఆ మాట అన్నది. "బాణామతి."

మా ప్రాంతంలో చేతబడికి వాడే ఆ మాటను ఎవరూ గట్టిగా అనరు. అనవలసిన అవసరం కూడా ఉండదు. ఒకరి మీద పడితే చాలు, ఊళ్ళో జ్వరం వచ్చినా, బర్రె పాలివ్వకపోయినా, దారి ఆ ఇంటికే వస్తుంది. మంత్రాలకు చింతకాయలు రాలవని మైకులో చెప్పిపోయేవాళ్ళు చెప్పిపోతారు. జనం తలలూపి, ఇంటికెళ్ళి గడపకు నిమ్మకాయ కట్టుకుంటారు.

ఇంట్లోకి పరుగెత్తి ఆ డబ్బాను ఎత్తుకొచ్చి నల్లా గద్దె మీద పెట్టాను. నా వ్యాపారం ఏమవుతుందన్న ఆలోచనే రాలేదు. "చూడుండ్రి! జెర్రులు గావు, బొద్దింకలు. చేపకు ఏస్తం. కన్నడంల జిరళె అంటరు!" అని మూత తీశాను.

మెడలు సాగాయి. ఒకామె ముక్కు మూసుకుంది. ఇంకొకామె నవ్వబోయింది. అంతలో కోడిగుడ్ల అట్ట మీదకు ఒకటి ఎక్కి వచ్చింది. పాత తోలు విడిచి అప్పుడే బయటపడిన బొద్దింక, ఒళ్ళంతా పాలలా తెల్లగా ఉంది. కాసేపటికి మళ్ళీ గోధుమరంగుకు తిరుగుతుందని నాకు తెలుసు. వాళ్ళకు తెలియదు. డబ్బాలో గుమ్మడి గుజ్జు కూడా ఉంది.

"అవ్వో, తెల్లది!" అని ఎవరో వెనక్కి జరిగారు. చూస్తుండగానే నల్లా దగ్గర నేను, డబ్బా మిగిలాం.

తల తిప్పితే మా గడపలో అత్తమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో, ఎంత విన్నదో తెలియదు. నేను డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి తన రెండు చీరలూ, దుప్పటీ సంచిలో పెడుతోంది. మా ఆయనకు ఫోన్ చేస్తే షాపు వదిలేసి వచ్చాడు. ఆ డబ్బాను ఇప్పుడే తీసుకెళ్ళి ఎక్కడైనా పారబోస్తానన్నాడు.

"ఇప్పుడు పారబోస్తే, దాచిపెట్టిండ్రు అంటరు," అన్నాను. అనుమానించేవాళ్ళ బుద్ధి నాకు తెలిసినంత ఆయనకు తెలియదు.

అత్తమ్మ సంచి ముడి వేస్తూ, "యాడికన్న పోత. నేనుంటే మీకు గీ గల్లీల బతుకుండదు," అన్నది. యాడికి పోతావని మా ఆయన అడిగాడు. ఆమె కొడుకును కాసిని టీ నీళ్ళు పెట్టమని వంటింట్లోకి పంపించి, నన్ను పక్కన కూర్చోమన్నది.

"రోలు మీద పడ్డనని చెప్పిన గదా," అన్నది, పైపెదవి మీద వేలు పెట్టుకుని. "పడలె."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆమె ఏడవలేదు, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. ఆ ఊళ్ళో పక్కింటి ఎద్దు చచ్చిపోయిందట. ఇక మంత్రానికి నోరు తిరగొద్దని ఆమె పళ్ళు పీకారట. పీకినవాళ్ళు నలుగురూ తను వండిపెట్టిన రొట్టెలు తిన్నవాళ్ళేనట. మా ఆయన అప్పుడు ఆమె కొంగు పట్టుకుని అక్కడే ఉన్నాడట. వాడికి యాదికి లేదు, నువ్వు యాది చెయ్యకు అన్నది.

"మొదలు ఎవరన్నరు అత్తమ్మా, గా మాట?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఇంట్లోల్లే. నా తోడికోడలు. నవ్వులాటకు అన్నదంట."

నాకు ఇంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె నల్లా దగ్గర అంతా విన్నదో లేదో నాకు తెలియదు, వినకపోతే చెప్పకుండా తప్పించుకోవచ్చు కూడా. కాని ఆ సంచి ముడి చూస్తే నోరు ఆగలేదు. జాకెట్ కొలతల రోజున ఏం జరిగిందో, ఎందుకు అన్నానో, మురిసిపోయానని సైతం చెప్పాను.

ఆమె తిట్టలేదు. "నాకు చెప్తే ఏమొస్తది యవ్వా? యాడ అన్నవో ఆడ చెప్పు," అన్నది.

టీ తాగకుండానే వెళ్ళాను. పక్కింటి అరుగు మీద వదినె, ఆమె మరదలు, నల్లా దగ్గరి ఆడవాళ్ళలో ముగ్గురూ కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే మాటలు ఆపేశారు. ఎవరి ముందూ తగ్గే మనిషిని కాను నేను. కొలత తప్పయినా సరే, బట్ట ముడుచుకుందని వాదించి గెలిచే మనిషిని. ఆ రోజు మాత్రం అరుగు కింద నిలబడి చెప్పాను.

"వదినె, తప్పు నాది. అవి బొద్దింకలని చెప్తే నా గిరాకీ పోతదని అబద్ధం ఆడిన. మా అత్తమ్మ మీదికి తోసిన. ఆమెకు ఏ పాపం ఎర్క లేదు. నీ మీద కూడా ఉత్తగనే నోరు పారేసుకున్న. నన్ను తిట్టుండ్రి, కొట్టుండ్రి, ఆమెను మాత్రం ఏమనకుండ్రి."

వదినె ముఖంలో కోపం పోయింది. నా మీద జాలి లాంటిది కనిపించింది. నమ్మిందనే అనుకున్నాను. ఆమె లేచి నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, మా ఇంటి గడప వైపు ఒకసారి చూసి, చెవిలో అడిగింది.

"గిట్ల పోయి చెప్పమని మీ అత్త పంపిందా?"

అవును కదా. పంపింది ఆమే. అబద్ధం చెప్పి చెప్పి అలవాటైన నా నోటికి, ఆ ఒక్క క్షణం కాదనడం చేతకాలేదు. నా ముఖంలో జవాబు చూసుకుని వదినె తల ఊపింది. "పాపం, నీ తప్పేం లేదే," అన్నది. వెనక మరదలు తన మెడలోని తాయెత్తును గట్టిగా పట్టుకుంది.

తిరిగి వచ్చేసరికి అత్తమ్మ సంచి పక్కనే కూర్చుని ఉంది.

"చెప్పినవా?"

"చెప్పిన."

"నమ్మిండ్రా?"

"నమ్మిండ్రు అత్తమ్మా. మస్తు బాధపడ్డరు," అన్నాను.

ఆమె సంచి ముడి విప్పింది. చీరలు దండెం మీద వేసింది. నమ్మిందో, నమ్మినట్టు ఉండిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. గుమ్మడి ముక్కల కోసమో, ఆకుకూర కోసమో ఆమె రోజూ బజారుకు వెళ్తూనే ఉంది. ఆమె గల్లీ మలుపు తిరిగి మళ్ళీ కనిపించేదాకా నేను మిషన్ మీద కూర్చోను. గడపలో నిలబడి ప్రతి వాకిలినీ చూస్తూ ఉంటాను.